గూడ్సుబండి పరివారము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో గూడ్సుబండిని గూర్చిన ప్రసంగ మేమని కొందరికి తోపవచ్చును. కారణము దూరమున లేదు. గోదావరి డెల్టాలో నేడు గ్రామ గ్రంథాలయమునకు పోయి చూచినచో, భారత భాగవతములు చదువు వృద్ధుల ప్రక్కనే, పోటీపరీక్షల పుస్తకములు ముందు పెట్టుకొని కూర్చున్న యువకులు కనబడుదురు. వారు కోరు ఉద్యోగములలో రైల్వేవారి అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగ మొకటి. ఆ యుద్యోగ మెట్లు పుట్టినది, దానికి పూర్వ మా స్థానమున నెవరుండిరి, ఇకముందు ఆ స్థానము నిలుచునా యనునది వారికి కేవలము చరిత్ర కాదు, బ్రతుకుతెరువు. పట్టాల ప్రక్క ఊళ్లలో రాత్రివేళ నిదురించువారికి అది క్షేమమునకు సంబంధించిన విషయము కూడ.

గ్రామలెక్కలలో ఒక పద్దు కొట్టివేయబడినప్పుడు, ఆ మొత్త మెచ్చటికి పోయినదో చూపనిదే లెక్క తేలదు. గూడ్సుబండి సిబ్బంది చరిత్రకును ఈ సూత్రమే వర్తించును. బండిపైనుండి ఒక మనిషి దిగిపోయినప్పుడు, అతడు చేయుచుండిన పనికి మూడు గతులు కలవు. యంత్రము దానిని తనపై వేసికొనవచ్చును. మిగిలిన మనిషి నెత్తిన అది పడవచ్చును. లేదా, ఎవ్వరును చేయకయే అది నిలిచిపోవచ్చును. మొదటిది లాభము, రెండవది అప్పు, మూడవది ముప్పు. ఈ మూడు పద్దులను విడివిడిగ వ్రాసి చూచినగాని, సిబ్బంది తగ్గుట మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు సమాధానము దొరకదు.

రైలు రాకపూర్వ మీ డెల్టా సరుకులో అధికభాగము నీటిమీదనే నడచెను. కాటన్ దొర పర్యవేక్షణమున 1847లో ప్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట పొలములకు నీ రిచ్చుటయే గాక, పడవలకు దారి యిచ్చినది. ధాన్యపు బస్తాలు నింపిన పడవకు గాలి లేనప్పుడు గట్టుపైనుండి త్రాడుతో లాగుచు నడచువారు, చుక్కాని పట్టువాడు, గడ వేయువాడు ఇందరు కావలెను. 1893లో తూర్పుతీర రైలుమార్గము ఈ ప్రాంతమున తెరువబడెను గాని గోదావరిపై వంతెన లేదు. ఇటు కొవ్వూరుకడ, అటు రాజమహేంద్రవరముకడ పట్టాలు ఆగిపోగా, నడుమనున్న నదిని నీటిమీదనే దాటవలసి యుండెను. 1897లో ప్రారంభింపబడి 1900లో తెరువబడిన హేవలాక్ వంతెన 56 ఖానాలతో ఆ యెడబాటును తీర్చెను. నాటితో రేవునందలి పని యొకటి తీరిపోయినది. దాని నాధారము చేసికొని బ్రతికినవారి కష్టము వేరు సంగతి. పనిని మాత్రము వంతెన సంపూర్ణముగ తనపై వేసికొన్నది. కనుక అది మొదటి పద్దునకు చెందినది.

ఇక బండిపైనున్న మనుష్యుల సంగతి చూతము. ఆవిరియింజను కాలమున గూడ్సుబండికి సామాన్యముగ నలుగురు. ఇంజనుమీద డ్రైవరు, మొదటి ఫైర్‌మాను, రెండవ ఫైర్‌మాను. బండి చివర బ్రేక్‌వ్యానులో గార్డు. వీరిని బండి కెక్కించుటకు క్రింద మరికొంద రుండెడివారు. కాల్‌బాయ్ అనువాడు అర్ధరాత్రివేళ క్వార్టర్సునకు వచ్చి తలుపు తట్టి, పుస్తకములో సంతకము పెట్టించుకొని పోయెడివాడు. గార్డుగారి జెండాలు, చేతిదీపము, డిటొనేటర్లు, నిబంధనల పుస్తకములు ఉన్న ఇనుప పెట్టెను బ్రేక్‌వ్యానువరకు మోయుటకు పోర్ట రుండెడివాడు. ఆ పెట్టెకు లైన్‌బాక్సు అని పేరు.

ఇంజనుపై ముగ్గురెందుకని అడుగవచ్చును. రెండవ ఫైర్‌మాను వెనుకనున్న టెండరులోని బొగ్గును ముందునకు లాగి, పెద్ద పెళ్లలను పగులగొట్టి సిద్ధముగ నుంచును. మొదటి ఫైర్‌మాను దానిని పారతో కొలిమిలో సమముగ పరచును. ఒకమూల గుట్టగ పడినచో నిప్పు చెడును, పలుచబడినచో ఆవిరి తగ్గును. దానితోబాటు బాయిలరులోని నీటిమట్టమును కనిపెట్టి యుండవలెను. నీరు తగ్గినచో ఇంజను ఆగుటయే కాదు, ప్రాణములకే మోసము. ముందున్న పొడవైన బాయిలరు డ్రైవరు చూపున కడ్డము గనుక, తనవైపు సిగ్నలులను కూడ ఫైర్‌మాను చూచి చెప్పవలెను. రోహిణీకార్తె ఎండలో కొలిమి తలుపు తెరచి, ఒక ప్రయాణములో టన్నులకొలది బొగ్గు వేసినవాని శ్రమను ఈ సభలో వర్ణింప నక్కరలేదు. డెల్టాలో ఎండ యెట్టిదో అందరు నెరుగుదురు.

అయినను ఆ శ్రమలో ఒక విద్య యిమిడి యుండెను. ఇంజను తుడుచు క్లీనరుగ చేరినవాడు రెండవ ఫైర్‌మానై, పిదప మొదటి ఫైర్‌మానై, యార్డులో షంటింగు నేర్చి, గూడ్సు డ్రైవరై, తుదకు మెయిలు డ్రైవ రయ్యెడివాడు. ఇన్నేండ్లు ప్రక్కన నిలిచి చూచినందున ఏ వంపుకడ ఎంత వేగముండవలెనో, ఏ స్టేషను ముందర ఎచ్చట ఆవిరి కట్టివేయవలెనో, వంతెన మీది గాలిలో బండి యెట్లు లాగునో అతనికి పుస్తకము చూడకయే తెలిసెడిది. ఇంజనుపైనున్న ముగ్గురిలో ఇద్దరు పనివారు మాత్రమే కారు. వారు రేపటి డ్రైవర్లు. ఈ సంగతి జీతముల పట్టీలో కనబడదు.

ఇక బ్రేకుల చరిత్ర. తొలినాళ్లలో ఇంజను వేయు బ్రేకు బండియంతటికి అందెడిది కాదు. డ్రైవరు కూతతో సంజ్ఞ చేయగా గార్డు తన వ్యానులోని చేతిచక్రమును త్రిప్పి బ్రేకు బిగించెడివాడు. అతనికి తోడుగ బ్రేక్స్‌మాను అను ఉద్యోగి యుండెడివాడు. ఆ పదము బండిపైనుండి దిగిపోయినను పుస్తకమునుండి పోలేదు. 1976 నాటి రైల్వే సాధారణ నిబంధనలలో సైతము గార్డు అను మాటకు అర్థము చెప్పుచు, అందులో బ్రేక్స్‌మాను కూడ చేరునని వ్రాసిరి. మనిషి పోయిన తరువాత పేరు కొంతకాలము నిఘంటువులో నిలుచుట లోకములో వింత కాదు.

ఇరువదవ శతాబ్దమున వాక్యూమ్ బ్రేకు గూడ్సుబండ్లకు వ్యాపించెను. బండి పొడవునను ఒక గొట్టము, దానిలోని గాలిని పీల్చివేసినంతసేపు బ్రేకులు విడిపోయి యుండును. గొట్టము తెగినను, బండి నడుమ కప్లింగు విడిపోయినను, గాలి లోనికి చొచ్చి అన్ని బ్రేకులును వానియంతట పడును. ఇది గొప్ప యుపాయము. బ్రేక్స్‌మాను చేతులు చేయు పనిని అతనికంటె వేగముగ గొట్టము చేసినది. ఇదియు మొదటి పద్దునకే చెందినది. అట్లే ఇరుసుల సంగతి. పూర్వపు వాగన్ల ఇరుసులు నూనెతో తడిసిన దూదిపై తిరిగెడివి. నూనె ఎండినచో వేడెక్కి పొగ లేచెడిది. గార్డు కిటికీనుండి తల బయటికి చాచి వంపులవద్ద ఆ పొగను పసిగట్టెడివాడు. రోలర్ బేరింగులు వచ్చిన పిమ్మట ఆ భయము చాలవరకు తగ్గినది. పొగను చూచు కన్ను తగ్గినను, పొగయే అరుదైనది గనుక నష్టము స్వల్పము.

అన్నిటికంటె పెద్ద మార్పు డీజిలు ఇంజనుతో వచ్చినది. 1962లో అమెరికానుండి ఆల్కో ఇంజనులు దిగుమతి యయ్యెను. 1964 మొదలు వారాణసి కర్మాగారమున అవి తయారు కాసాగెను. 1950లో ఆవిరియింజనుల నిర్మాణ మారంభించిన చిత్తరంజన్ కర్మాగారము 1970లో తన కడపటి బ్రాడ్‌గేజి ఆవిరియింజనును బయటికి పంపెను. 1995 డిసెంబరులో పంజాబునందు బ్రాడ్‌గేజిపై కడపటి నిత్యసేవా ఆవిరిబండి నడచినది. బొగ్గు లేదు, కొలిమి లేదు, పార లేదు. ఇద్దరు ఫైర్‌మాన్ల స్థానమున డీజిల్ అసిస్టెంటు అను ఒక్కడు నిలిచెను. అతడే పిదప అసిస్టెంటు డ్రైవరు, నేటి అసిస్టెంట్ లోకో పైలట్. నలుగురి బండి ముగ్గురి బండియైనది.

ఈ మూడవవాడు నిప్పు వేయడు గదా, అతడు చేయునదేమి? ఎదుటి సిగ్నలు రంగును బిగ్గరగ పలుకును. డ్రైవరు దానిని మరల పలుకును. రెండు నోళ్లు ఒకే మాట చెప్పినగాని ఆ సిగ్నలును చూచినట్లు కాదు. నడుమ ఇంజనుగదిలోనికి పోయి నూనె కారుచున్నదా, ఏదేని వేడెక్కినదా చూచును. బండి ఆగినచో క్రిందికి దిగి, వాగన్ల ప్రక్కన నడచి, కారణము కనుగొనును. చూచువానికి అతడు ఊరక కూర్చున్నట్లే యుండును. వేదము చదువునప్పుడు ప్రక్కన కూర్చుండి తప్పు దిద్దువాడు కూడ చూపరులకు ఊరక కూర్చున్నట్లే తోచును.

రెండవ పద్దు ఇచ్చటనే మొదలగుచున్నది. పనివారు తగ్గినప్పుడు పనిగంటలు తగ్గలేదు. గూడ్సుబండికి కాలనియమము లేదు. మెయిలుబండికి దారి యిచ్చుటకు లూపులైనులో ఎన్ని గంటలు నిలుచునో చెప్పలేము. పదునాలుగు గంటలు, ఒక్కొక్కప్పు డంతకు మించియు, ఇంజనుపైనే గడచెడివి. 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మె చేయగా, పనికాలము పదిగంటలకు మించకుండునట్లు ప్రభుత్వ మంగీకరించెను. ఆ యంగీకారము అమలు కావలెననియు, ఎనిమిది గంటల పనిదినము కావలెననియు అడుగుచు, ఇతర కోర్కెలతో కూడ, 1974 మే 8వ తేదీన దేశమంతట రైల్వేసమ్మె జరిగెను. అది మే 27న విరమింపబడినది. ఆ సమ్మె రాజకీయ మిచ్చట ప్రస్తుతము కాదు. ఒక మాట మాత్రము స్మరింపదగును. బండిపై ఎందరుండవలెనను ప్రశ్నను, వారెన్ని గంటలుండవలెనను ప్రశ్ననుండి విడదీయ వీలులేదు. నిదుర లేనివారు ఇద్దరున్నను, ఆ యిద్దరును కలిసి మేలుకొన్న ఒక్కనికి సాటి కారు.

గోదావరిపై 1974లో రోడ్డు-రైలు వంతెన తెరువబడినది. 1997లో విల్లుకమానుల వంతెన వచ్చి, హేవలాక్ వంతెన సెలవు పుచ్చుకొన్నది. 1990 దశకములో విజయవాడ–విశాఖపట్టణముల మధ్య విద్యుత్తీగెలు సాగెను. వాక్యూమ్ గొట్టమునకు బదులు గాలి నింపిన గొట్టముతో పనిచేయు ఎయిర్‌బ్రేకు వచ్చెను. నాలుగుచక్రముల చిన్న వాగన్లు పోయి, ఎనిమిది చక్రముల పెద్ద వాగన్లు వచ్చెను. బొగ్గు మోయు బాక్స్-ఎన్ వాగను సరుకుతో కలిపి 81 టన్నుల పైచిలుకు తూగును. అట్టివి 58 చేరిన బండి సుమారు 4,700 టన్నులు. లెక్క కొరకు ఆవిరికాలపు బండిని రెండువేల టన్నులదిగ నెంచుదము. నలుగురికి పంచగా తలకు 500 టన్నులు. నేటి బండిని ముగ్గురికి పంచగా తలకు 1,560 టన్నుల పైమాట. మూడురెట్లు పెరిగినది. ఈ పెరుగుదలవలననే డెల్టా రైతుకు ఎరువు, ఊరికి బొగ్గుతో పుట్టు విద్యుత్తు, దూరదేశములకు గోదావరి బియ్యము చౌకగ చేరుచున్నవి. ఈ లాభమును కాదనువాడు న్యాయముగ మాటలాడువాడు కాడు.

ఇప్పుడు ప్రశ్న గార్డును గూర్చినది. 2022 జనవరిలో ఆయన పేరు ట్రైన్ మేనేజరుగ మారినది. బిరుదు పెరిగిన కాలముననే స్థానము సంశయములో పడినది. బండి చివర ఎల్.వి. అను అక్షరముల పలక యుండును. రాత్రి ఎఱ్ఱదీపము వెలుగును. అది కడపటి వాగను అనుటకు గుర్తు. స్టేషనులో దానిని చూచినగాని బండి సంపూర్ణముగ వచ్చినట్లు కాదు. నేడు ఇరుసులను లెక్కించు యంత్రములు పట్టాల ప్రక్క నిలిచి, లోనికి పోయిన ఇరుసులెన్ని, బయటికి వచ్చినవెన్ని యని సరిచూచుచున్నవి. బండి తోకకు తగిలించు పెట్టె యొకటి, బ్రేకు గొట్టములోని గాలి ఒత్తిడిని రేడియోద్వారా ఇంజనుకు తెలుపును. ఇవి రెండును ఉన్నచో బ్రేక్‌వ్యా నేల, గార్డేల యని అడుగువారు కలరు. గార్డు లేకయే గూడ్సుబండ్లు నడపిన సందర్భములును కలవు. అట్లయినచో ముగ్గురి బండి ఇద్దరి బండి యగును.

బండ్ల పొడవును పెరుగుచున్నది. 2021 అక్టోబరు 7న దక్షిణమధ్య రైల్వేవారు మూడు గూడ్సుబండ్ల నొకటిగ కూర్చి, 177 వాగన్లతో "త్రిశూల్" అను పేర విజయవాడ డివిజనులోని కొండపల్లినుండి ఒడిశాలోని ఖుర్దా డివిజనుకు నడపిరి. ఇట్టి బండ్లవలన దారి ఆదా యగుననియు, సిబ్బంది ఆదా యగుననియు ప్రభుత్వ ప్రకటనయందే చెప్పిరి. 2022 ఆగస్టు 15న ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున 295 వాగన్లతో మూడున్నర కిలోమీటర్ల పొడవుగల "సూపర్ వాసుకి" నడచినది. వాసుకి పురాణమందలి సర్పరాజు. ఆ తాడు పొడవైనది, నిజమే. కాని మందరపర్వతము చిలుకునప్పుడు తలకడను తోకకడను కూడ పట్టువా రుండిరని మరువరాదు.

ఇతర దేశముల యనుభవ మేమి? అమెరికాలో ఒకప్పుడు గూడ్సుబండిపై డ్రైవరు, ఫైర్‌మాను, కండక్టరు, ఇద్దరు బ్రేక్‌మాన్లు కలిసి ఐదుగు రుండెడివారు. డీజిలు వచ్చిన పిదప ఫైర్‌మాను కావలెనా యను తగవు పెరుగగా, 1963లో కాంగ్రెసు చట్టముచేసి దానిని మధ్యవర్తులకు అప్పగించెను. వారి తీర్పున గూడ్సుబండ్ల ఫైర్‌మాన్ల పదవులలో అధికభాగము క్రమముగ రద్దయ్యెను. 1980 దశకములో బండి చివరి వ్యాను పోయి తోకపెట్టె వచ్చెను. ఐదుగురు ఇద్దరైరి. ఒక్కనితో సరిపెట్టవచ్చునని కంపెనీలవారును, కూడదని కార్మికులును వాదించుచుండగా, 2024 ఏప్రిలులో అమెరికా రైల్వే నియంత్రణ సంస్థ, కొన్ని మినహాయింపులతో, ఇద్దరుండవలెనని నియమము చేసెను. ఆస్ట్రేలియాలో పిల్‌బరా ఎడారిలో రియో టింటో కంపెనీవారు 2018 మొదలు ఇనుపఖనిజపు బండ్లను మనిషి లేకయే నడపుచున్నారు. అచ్చటి దారి సొంతము, ఊళ్లు అరుదు. డెల్టాలో పట్టాల కిరువైపుల ఊళ్లు, గేట్లు, కాలువలు, చేలగట్లు. ఒకచోట సాధ్యమైనది మరియొకచోట క్షేమకర మని చెప్పుటకు ముందు భూమిని చూడవలెను.

కెనడాలో జరిగిన దొకటి చెప్పవలెను. 2013 జూలైలో ముడిచమురు నిండిన 72 ట్యాంకుల బండిని ఒక్క డ్రైవరు నడపి, రాత్రి ఒక యెత్తైనచోట నిలిపి, దిగి విశ్రాంతికి పోయెను. చాలినన్ని చేతిబ్రేకులు బిగింపబడలేదు. పిదప ఇంజనులో నిప్పు పుట్టగా దాని నార్పి, ఇంజనును నిలిపివేసిరి. ఇంజను ఆగినందున గాలి నింపు యంత్ర మాగెను. గొట్టములోని గాలి మెల్లమెల్లగ కారిపోయి బ్రేకులు సడలెను. బండి పల్లమునకు దొరలి లాక్ మెగాంటిక్ అను ఊరి నడుమ పట్టాలు తప్పి అంటుకొన్నది. 47 మంది మరణించిరి. ఒక్కడే యుండుటయే కారణమని చెప్పుట న్యాయము కాదు, కారణములు పెక్కు. కాని రెండవవాడు ప్రక్కన నుండి యున్నచో, బ్రేకులు చాలునా యని ఒక ప్రశ్న వేయుట కవకాశ ముండెడిది.

దూరదేశము మాట యటుంచి, 2024 ఫిబ్రవరి 25న జమ్మూ ప్రాంతమందలి కఠువాలో నిలిపియున్న గూడ్సుబండి, మనిషి యెవ్వరు లేకయే కదలి, పంజాబులోనికి సుమారు 70 కిలోమీటర్లు పరుగెత్తెను. దైవవశమున దారి ఖాళీగ నుండెను, ప్రాణనష్టము జరుగలేదు. పట్టాలపై అడ్డములు పెట్టి తుదకు దాని నాపిరి. నడచుచున్న బండిని ఆపుటకు గాలిగొట్టము చాలును. నిలిచిన బండిని గంటలకొలది నిలిపి యుంచుటకు చేతిబ్రేకు బిగించు చేయి, చక్రముక్రింద చెక్క పెట్టు చేయి కావలెను. గాలి కారిపోవును, చెక్క కారిపోదు. బ్రేక్స్‌మాను పనిలో ముప్పాతిక యంత్రమునకు పోయినను, పాతిక ఇంకను మనిషిచేతనే యున్నదని ఈ రెండు సంగతులును తెలుపుచున్నవి. మూడవ పద్దు, అనగా ఎవ్వరు చేయక నిలిచిపోయిన పని, ఇట్టిచోటనే కనబడును.

ఇక బండి పట్టాలు తప్పినప్పుడు జరుగవలసినది చూడుడు. వాగను ప్రక్కదారిపై ఒరిగినచో, ఎదురుగ వచ్చు బండిని ఆపవలెను. నిబంధన ప్రకారము 600 మీటర్ల దూరమున ఒక డిటొనేటరును, 1,200 మీటర్ల దూరమున పది మీటర్ల యెడముతో మూడింటిని పట్టాలపై పెట్టవలెను. చక్రము పడగానే అవి ప్రేలి డ్రైవరును హెచ్చరించును. ముగ్గురున్నచో ఒకడు ముందునకు, ఒకడు వెనుకకు పోగా, డ్రైవరు ఇంజనువద్ద నుండి దీపము వెలిగించి వార్త పంపును. గార్డు లేనప్పుడు వెనుకవైపు పోవలసినవాడు ఇంజనునుండి బయలుదేరవలెను. బండి పొడవు సుమారు 700 మీటర్లు, దానిపై 1,200, వెరసి 1,900 మీటర్లు. రాత్రి, వానలో, కంకరపై ఈ దూరము నడుచుటకు అరగంట పట్టవచ్చును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఆ దూరమును 70 సెకండ్లలో దాటును. సిగ్నలులు, వాకీటాకీలు, ఇంజను నెత్తిన మిణుకు దీపము ఉన్న మాట నిజమే, అవి ఎన్నో బండ్లను కాపాడుచున్నవి. అవి పనిచేయని క్షణము కొరకే డిటొనేటరు పుట్టినది. ఇదంతయు గోదావరి వంతెన నడుమ, వరదకాలపు గాలిలో జరిగినచో నెట్లుండునో ఊహించుకొనుడు.

యంత్రపక్షమువారి వాదమును చెప్పకున్న లెక్క సరిపోదు. మనిషి నిదురించును, మరచును, పొరపడును. ఇంజనులో నేడు ఒక జాగరూకతాయంత్ర మున్నది. అరవై సెకండ్లపాటు డ్రైవరు ఏ మీటను కదల్పకున్నచో దీపముతో, కూతతో మేల్కొలిపి, అప్పటికిని కదలనిచో తానే బ్రేకు వేయును. 2020లో జాతీయ రక్షణవిధానముగ స్వీకరింపబడిన "కవచ్", ఎఱ్ఱసిగ్నలును దాటనీయక బండిని ఆపును. దాని పరీక్షలు దక్షిణమధ్య రైల్వేలోనే విస్తారముగ జరిగెను. ఇవి ఏ మనిషికంటెను నమ్మదగిన కావలివాండ్రు. వీనిని స్వాగతింపవలసినదే. కాని ఇవి చేయు పని మేలుకొలుపుట, ఆపుట. దిగి చూచుట, బిగించుట, పరుగెత్తి చెప్పుట, గాయపడినవానిని ఎత్తుట వీనిచేత కాదు.

ఈ గోదావరి యొడ్డున రాజమహేంద్రవరముననే నన్నయభట్టారకులు భారతమును తెనిగింప మొదలిడిరి. ఆ భారతములో రథమును ఒంటరిగ విడువలేదు. రథికుడు, సారథియే గాక, చక్రరక్షకు లుండెడివారు. అర్జునుని రథచక్రములను కాచినవారు యుధామన్యూత్తమౌజులు. యుద్ధము సాఫీగ సాగు దినమున వారి పేరు తలచువారు లేరు. కర్ణుని సంగతి చూడుడు. బాణమునకు లోటు లేదు, బలమునకు లోటు లేదు, సారథి శల్యుడంతవాడు. రథచక్రము నేలలో క్రుంగినప్పుడు మాత్రము దానిని ఎత్తువారు లేక, రథికుడే విల్లు వదలి దిగవలసి వచ్చెను. కవచము బాణము నాపగలదు గాని క్రుంగిన చక్రము నెత్తలేదు. బండిపై ఎందరుండవలెనను దానిని చక్రము తిరుగుచున్నప్పుడు లెక్కింపరాదు, క్రుంగినప్పుడు లెక్కింపవలెను.

కనుక ఈ లెక్క యిట్లు తేలుచున్నది. బొగ్గు వేయు ఇద్దరిని డీజిలు తొలగించినది, అది తగిన పనియే. వారి వెన్నులకు విశ్రాంతి కలిగినది. బ్రేక్స్‌మానును గొట్టము తొలగించినది. అతని పనిలో మిగిలిన పాతికను ఎవరు చేయవలెనో ప్రతి స్టేషనులోను పేరు పెట్టి వ్రాయవలెను. గార్డును తొలగింప దలచువారు తోకదీపము, ఇరుసులెక్క, గాలి ఒత్తిడి యను మూడు పనులకు యంత్రము చూపినారు. బండిని రక్షించు నాలుగవ పనికి మనిషిని గాని యంత్రమును గాని చూపినపిదపనే ఆ పద్దు కొట్టివేయుట న్యాయము. ఇంజనుపైనున్న రెండవవానిని తొలగింపదలచినచో, రేపటి డ్రైవరు ఎవరి ప్రక్కన నిలిచి నేర్చుకొనునో ముందు చెప్పవలెను. ఆదాయైన జీతము ఏటేట కనబడును. ఆదాయైన ప్రాణ మెన్నడును కనబడదు, జరుగని ప్రమాదమునకు లెక్కపుస్తకములో పుట లేదు.

ఈ గ్రంథాలయమున చదువుకొని ఆ యుద్యోగమునకు పోవు యువకులు నిరుత్సాహపడ నక్కరలేదు. పరీక్షకు చదివిన సూత్రములతోబాటు, తమ స్థానమున పూర్వము నిలిచిన ఫైర్‌మాను, బ్రేక్స్‌మాను, గార్డు ఏమి చేసెడివారో కూడ తెలిసికొని పోవుదురు గాక. పనిని పుట్టుపూర్వములతో ఎరిగినవానిని తొలగించుట కష్టము, తొలగించినను అతడు వదలిన పని యేదో చెప్పగలడు. ఇక సభ్యులందరు నేటిరాత్రి దూరమున గూడ్సుబండి పోవుచప్పుడు విన్నప్పుడు, ఒక్కసారి దాని చివర చూతురు గాక. ఆ ఎఱ్ఱదీపము బండి సంపూర్ణముగ పోయినదని చెప్పును. దాని వెనుక మనిషి యున్నాడా లేడా యని అడుగుట మాత్రము చూచువారి పని.